గ్లాసు మీద చెంచా

అస్మర్ అవ్వ ఇంట్లో టీ తాగడానికి ఒక పద్ధతి ఉంది. నడుము సన్నటి చిన్న గాజుగ్లాసులో నల్లటి టీ పోసి, రెండు చెంచాల చక్కెర కలిపి ఇస్తుంది. గ్లాసు ఖాళీ కాగానే మళ్ళీ నింపుతుంది. "చాలవ్వా" అంటే వినదు, మొహమాటపడుతున్నారనుకుంటుంది. చేత్తో గ్లాసు మూస్తే ఆ చేతిని పక్కకు జరిపి మరీ పోస్తుంది. ఆమెను ఆపగలిగేది ఒక్కటే. చెంచా తీసి గ్లాసు మూతి మీద అడ్డంగా పెట్టాలి. అప్పుడిక చుక్క పొయ్యదు. పొయ్యదు గానీ, మొహం మాత్రం ముటముటలాడిస్తుంది.

జాఖో కొండల్లోంచి వచ్చిన కుర్దు యూదులందరి ఇళ్ళలోనూ ఈ చెంచా వాడుక ఉంది. మిగతా ఇళ్ళలో అది మర్యాద, అస్మర్ అవ్వ దగ్గర మాత్రం యుద్ధం. జెరూసలేంలో, కటమోన్ పేటలో ఆమె ఇంటి మెట్లు దిగినవాడెవడూ ఒంగి చెప్పులు తొడుక్కున్నది లేదు. కడుపు ఒంగనిస్తేగా!

ఊరికే రాలేదు ఆమెకీ గుణం. పదహారేళ్ళ పిల్లగా జాఖో నుంచి వలస వచ్చి విమానం దిగినప్పుడు ఆమెకు దొరికింది వానకు కారే గుడారం, మనిషికింతని కోసిచ్చే రొట్టె. ఆ గుడారాల్లో ఆకలి మొహం ఎలా ఉంటుందో చూసింది. ఆమె అన్న యోనా ఆ ఆకలిని మరిచిపోవడానికి హషీష్ పీల్చడం మొదలుపెట్టాడు. పీల్చి పీల్చి పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడు, కొడుకుని పోగొట్టుకున్నాడు, చివరికి తన పేరెవరైనా పిలిస్తే తిరిగి చూడడం కూడా మానేశాడు. అప్పట్నుంచి అవ్వ గడప లోపల ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. తరవాత ముర్దఖ్ అనే రాతిపనివాణ్ణి చేసుకుంది, పిల్లల్ని కంది, మొగుణ్ణి సాగనంపింది. ఇన్నింటి మధ్యా ఆమె పొయ్యి ఆరింది నిప్పు ముట్టకూడని శబాతు రోజు, శనివారాల్లోనే. మనిషికి జ్వరమొచ్చినా, దుఃఖమొచ్చినా, దెయ్యం పట్టినా ఆమె దగ్గరున్న మందు ఒకటే. రవ్వముద్దల్లో కైమా కూరి, పుల్లటి ఆకుకూర చారులో ఉడికించిన కుబ్బె. గిన్నె నిండా పెట్టి ఎదురుగా కూర్చుంటుంది. తినకుండా లేచినవాడు ఆ పేటలో పుట్టలేదు.

అలాంటి మనిషిని ఓడించింది ఒక తొమ్మిదేళ్ళ పిల్ల.

తిర్జా, అవ్వ కూతురు పెనినాకి ఒక్కగానొక్క బిడ్డ. రక్తపు కాన్సర్. ఆస్పత్రిలో విడతలు విడతలుగా, రోజూ సాయంత్రం సెలైన్‌లో మందెక్కిస్తున్నారు. మందు రోగాన్ని చంపుతోందని డాక్టర్లు చెప్పారు. నిజమే అయ్యుండొచ్చు, రక్తపరీక్షలు కూడా అదే చెప్పాయి. కానీ రోగంతో పాటు అది పిల్ల ఆకలినీ చంపేసింది. మందెక్కిన కాసేపటికే వాంతులు మొదలు. నీళ్ళు తాగినా వాంతి, తాగకపోయినా వాంతి. పక్క మంచం మీద ఎవరో అరటిపండు ఒలిస్తే ఆ వాసనకే వాంతి. వెనకటికి బొద్దుగా ఉండే పిల్ల మణికట్టు అవ్వ రెండు వేళ్ళ మధ్య పట్టేసేంత అయిపోయింది.

పెనినాకి పోస్టాఫీసులో ఉద్యోగం. రాత్రిళ్ళు ఆమె, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అవ్వ. వార్డు గుమ్మంలో బయటి తిండి తేకూడదని పెద్దక్షరాల బోర్డు ఉంది. అవ్వకు చదువు రాదు, వచ్చినా ఆ బోర్డును లెక్కచేసే రకం కాదు. రోజూ సంచీలో అడుగున ఫ్లాస్కు, ఫ్లాస్కులో కోడిచారు, పైన అల్లికపని. రెండింటికి నర్సులు మారే వేళ చూసి పిల్ల నోట్లో రెండు చెంచాలు పోసేది. నిలిచేది కాదు. అయినా పోసేది.

కిటికీ పక్క బల్ల మీద కెటిల్, గాజుగ్లాసులు కూడా వెలిశాయి. వార్డు డాక్టరు నోగా కుర్రది, వచ్చిన మొదటి రోజే ఆ వలలో పడింది. ఒక గ్లాసు తాగింది. రెండు తాగింది. "థాంక్స్ అవ్వా, చాలు" అంది. మూడోది వచ్చింది. తాగింది, నాలుగోది వచ్చింది. పాపం ఆమె మొహం చూసి మంచం మీద నుంచి తిర్జా నీరసంగా గొణిగింది.

"డాక్టర్, చెంచా పెట్టండి."

"ఎక్కడమ్మా?"

"గ్లాసు మీద, అడ్డంగా. లేకపోతే అమ్మమ్మ మిమ్మల్ని టీలో ముంచేస్తుంది."

"నోరు ముయ్యవే పిట్టా! ఇంటిగుట్టు బయటపెడతావా?" అని అవ్వ కస్సుమంది. నోగా చెంచా పెట్టింది. టీ ఆగింది. తిర్జా నవ్వింది. ఆ వారంలో పిల్ల నవ్వడం అదే మొదలు, అందుకే అవ్వ నోగాని క్షమించేసింది.

ఆ నోగాయే ఒక సోమవారం తల్లినీ అవ్వనీ కూర్చోబెట్టి చెప్పింది. "పిల్ల బరువు బాగా పడిపోయింది. ఆదివారం పొద్దుటికల్లా ఏదో ఒకటి తిని నిలుపుకోకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. ఇంకా తగ్గితే తరవాతి విడత మందు ఇవ్వలేను. ఒళ్ళు తట్టుకోదు."

"మందు ఆపితే?" అంది అవ్వ.

నోగా చేతిలోని కాగితాలు సర్దుకుంది. అవ్వ మళ్ళీ అడగలేదు. అర్థం కాకపోతే కదా.

అవ్వకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఆమె అల్లిక సర్దుకుని వెళ్ళాక, నోగా పెనినాని వరండాలోకి పిలిచింది. ఇలాంటి పిల్లలకు వాంతులాపే చుక్కలున్నాయనీ, అవి గంజాయి మొక్క నుంచి తీసినవనీ, కొలిచి రోజుకోసారి మందెక్కించే ముందు ఇస్తామనీ చెప్పింది. పెనినా సంతకం పెట్టింది. పెట్టి, డాక్టరు చెయ్యి పట్టుకుంది. "మా అమ్మకు మాత్రం చెప్పకండి. మా మామయ్య దానివల్లే పాడైపోయాడు. ఆ మాట చెవిన పడిందంటే ఈ ఆస్పత్రి పైకప్పు లేచిపోతుంది."

సరేనంది నోగా. ఆ సరే అనడమే కొంప ముంచింది.

చుక్కలు చేదు. నాలుక మీద వేస్తే తిర్జా ఉమ్మేసింది. అందుకని నర్సు హనాన్, బేత్ సఫాఫా నుంచి వచ్చే అరబ్బు పిల్ల, మెత్తటి రొట్టెకి వెన్న పూసి, ఆ వెన్నలో చుక్కలు కలిపి తెచ్చింది. మధ్యాహ్నం నాలుగింటికి అవ్వ చేతికిచ్చింది.

"అవ్వా, ఇది పాపకి పెట్టు. మొత్తం తినాలి. వాంతులు ఆగుతాయి."

"రొట్టె కడుపుకి మంచిదే. మా అమ్మ కూడా పెట్టేది. నీ కడుపు చల్లగుండ," అని అవ్వ పుచ్చుకుంది. హనాన్ వెళ్ళాక విప్పి చూసింది. చూస్తే వెన్న!

యూదుల ఆచారం ప్రకారం మాంసం తిన్న నోటితో పాలూ వెన్నా ముట్టకూడదు. ఆరుగంటలు ఆగాలి. అవ్వకి ఊహ తెలిసినప్పట్నుంచి తప్పని నియమం అది, గుడారాల్లో ఆకలితో ఉన్నప్పుడు కూడా తప్పలేదు. పిల్ల నోట్లో రెండింటికే కోడిచారు పడింది. ఆ సంగతి హనాన్‌కు తెలియదు, తెలిస్తే ఫ్లాస్కు బయటపడుతుంది. అవ్వ క్షణం ఆలోచించింది. నర్సు చెప్పింది రొట్టె మంచిదని కదా, వెన్న కాదు కదా! సంచీలోంచి ఇంకో రొట్టె తీసి, ఖర్జూరపాకం రాసి పిల్లకి పెట్టింది. మరి ఈ వెన్నరొట్టె? రొట్టె పారేస్తే ఇంటికి దరిద్రం. తను చూస్తే మాంసం ముట్టి ఎన్నాళ్ళయిందో, ఉన్నదంతా పిల్ల చారులోకే పోతోంది. కాబట్టి అడ్డేమీ లేదు. తనే తినేసింది. కాస్త చేదనిపించింది. ఆస్పత్రి వెన్న ఇంతే అనుకుంది.

మంగళవారం అలా జరిగింది. బుధవారమూ అలాగే జరిగింది.

ఇప్పుడు ఆ సాయంత్రాల్లో అవ్వ సంగతి చూడాలి. ఏళ్ళ తరబడి బస్సు మెట్టెక్కాలంటే దేవుణ్ణి తలుచుకునే మోకాలు ఉన్నట్టుండి నోరు మూసుకుంది. సెలైన్ చుక్కలు ఒక్కొక్కటే జారుతుంటే, ఇంత అందమైనది తను ఇన్నేళ్ళూ చూడలేదేమిటని కళ్ళార్పకుండా చూసింది. ఆకలి రుచెరగదంటారు. ఆస్పత్రి వాళ్ళ ఉప్పులేని అన్నం పాయసంలా దిగింది, పక్క మంచం వాళ్ళు వద్దన్న పాయసం అమృతంలా దిగింది. పెనినా రాగానే "నీ జుట్టు..." అని మొదలుపెట్టి, ఏం చెప్పబోయిందో మరిచిపోయి, ఆ మరిచిపోయినందుకే పడీ పడీ నవ్వింది.

"ఏంటమ్మా నీకివాళ?"

"ఏమోనే. మీ నాన్న పైన ఎవరితోనో నా గురించి మంచిమాట చెప్పినట్టున్నాడు."

అటు చూస్తే పిల్ల బేసినులోకి తలవంచి పేగులు బయటికొచ్చేలా కక్కుతోంది. అవ్వ వీపు నిమురుతూనే ఉంది, ఆ వీపు కింద ఎముకలు చేతికి తగులుతూనే ఉన్నాయి, లోపల్నుంచి ఎక్కడిదో హాయి తన్నుకొస్తూనే ఉంది. బస్సులో ఇంటికి పోతూ ఆమె తన చెంప తనే కొట్టుకుంది. మనవరాలు చావుబతుకుల్లో ఉంటే ఒళ్ళు తేలిపోతోందా, ఛీ, ఇదేం పాడు ముసలితనం అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ బాధ నిజం.

గురువారం మళ్ళీ రొట్టె వచ్చింది, మళ్ళీ అవ్వే తినింది. పొద్దుగూకే వేళ నోగా, పెనినా, వాళ్ళ వెనకే హనాన్ గదిలోకి వచ్చారు. తిర్జా గోడకేసి తిరిగి పడుకునుంది. బేసిను అప్పటికే రెండుసార్లు కడిగారు.

"పని చెయ్యడం లేదు పెనినా," అంది నోగా గొంతు తగ్గించి. "కొందరికి పట్టదు. రేపట్నుంచి ఆపేద్దాం. ఇక గొట్టమే."

పెనినా గోడకి ఆనుకుంది. కుర్చీలోంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. ముగ్గురూ తిరిగి చూశారు. అవ్వ ఒళ్ళో మూడు పాయసం గిన్నెలు ఖాళీగా ఉన్నాయి, నాలుగోది చేతిలో ఉంది.

"అమ్మా, నవ్వుతున్నావా?" అంది పెనినా.

"నేను నవ్వడం లేదే. నా నోరు నవ్వుతోంది. నేనేం చెయ్యను!" అవ్వ కళ్ళలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, పెదాలు మాత్రం సాగిపోతున్నాయి.

నోగా దగ్గరికొచ్చి ఒంగి చూసింది. "కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటవ్వా?"

"ఉల్లిపాయలు తరిగాను."

"ఎప్పుడు?"

"పొద్దున. కాదు, నిన్న." అవ్వ కాసేపు ఆలోచించింది. "ఏం అడిగావు తల్లీ?"

"ఆకలేస్తోందా?"

"ఆకలా! కడుపులో కొలిమి పెట్టినట్టుంది."

"మోకాలు ఎలా ఉంది?"

"ఏ మోకాలు?" అని అవ్వ కాలు గాల్లో ఊపి చూపించింది.

గోడవైపు నుంచే తిర్జా చెప్పింది. "అమ్మమ్మ రోజూ నా వెన్నరొట్టె తినేస్తోంది. నాకు ఖర్జూరం రొట్టె ఇస్తోంది."

హనాన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. పెనినా మంచం అంచున కూలబడింది. ఆ తరవాత అంతా బయటపడింది. ఫ్లాస్కు, కోడిచారు, వెన్న, ఆరుగంటల నియమం, పారెయ్యలేని రొట్టె. అవ్వ చెప్పాల్సింది చెప్పేసి, తను అడగాల్సింది అడిగింది.

"ఇంతకీ అందులో ఏం కలిపారే?"

నోగా, హనాన్ పెనినా వైపు చూశారు. పెనినాయే చెప్పాల్సి వచ్చింది. "గంజాయి మొక్క రసం అమ్మా. యోనా మామయ్య పీల్చిన హషీష్ దాంట్లోంచే వస్తుంది."

అవ్వ లేచి నిలబడింది. "నా ఇంటిపిల్లకి హషీషా! మా అన్నను మింగింది చాలదా దానికి? తల్లివా నువ్వు? డాక్టరువా నువ్వు? ఇంత మంది కలిసి..." అని అంతదాకా ఉరిమి, మధ్యలో మళ్ళీ కిసుక్కుమంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చూడండి, తిడదామన్నా తిట్టనివ్వడం లేదు! ఏం మాయదారి మందే ఇది!" అని ఆ చేతుల్లోనే మొహం దాచుకుని ఏడ్చింది. యోనా ఆఖరి రోజుల్లో అచ్చం ఇలాగే నవ్వేవాడని ఆమెకు గుర్తొచ్చింది.

నోగా ఆమెను కూర్చోబెట్టి నాడి చూసింది. ప్రమాదమేమీ లేదు. కెటిల్ పెట్టి, ఆ రోజు తనే టీ పోసింది. అవ్వ తాగింది. నోగా మళ్ళీ పోసింది. మళ్ళీ తాగింది, మళ్ళీ పోసింది. అలవాటు చొప్పున అవ్వ చెంచా తీసి గ్లాసు మీద అడ్డంగా పెట్టింది.

"ఎందుకు పెట్టావవ్వా?"

"చాలు గనక."

"ఎవరికి చెప్పావు చాలని?"

"నీకే. పోసేదానివి నువ్వే కదా. ఇంకెవరికి చెప్పాలి, గోడకా?"

"మెదడులో నరాలు చేసే పనీ ఇదే," అంది నోగా. "ఒక నరం పోస్తుంది, ఎదుటి నరం తాగుతుంది. పోసేది టీ కాదు, ఒక రసం. ఆ రసమే కబురు. ఎప్పుడూ పోసేవైపు నుంచి తాగేవైపుకే పోతుంది. కానీ మరీ ఎక్కువైతే తాగే నరం ఊరుకోదు. తన ఒంటి కొవ్వులోంచే అప్పటికప్పుడు ఒక చిన్న పదార్థం తయారుచేసి వెనక్కి పంపుతుంది. పోసే నరం మూతి దగ్గర దానికోసం ఒక పీట వేసి ఉంటుంది. వచ్చి ఆ పీట మీద కూర్చుందంటే ఇక పోయడం తగ్గుతుంది. ఇలా కబురు వెనక్కి కూడా పోతుందని మాకూ ఈమధ్యే, రెండు మూడేళ్ళ కిందటే తెలిసింది."

"చెంచా," అంది అవ్వ.

"చెంచాయే. ఆ పీటనే మేం గ్రాహకం అంటాం."

"మరి ఆ పాడు మొక్కకి అక్కడేం పని?"

"దాని రసం కూడా అదే పీట మీద కూర్చోగలదు. చుట్టం కాదు, పిలిచినవాళ్ళూ లేరు. పీట కొలత మాత్రం సరిపోయింది. తిర్జాకి మేమెక్కించే మందు వాంతి తెప్పించే నరాల్ని రేపుతోంది. అవి ఆపకుండా పోస్తున్నాయి, అచ్చం నీలాగే. పిల్ల మెదడు పెట్టే చెంచాలు సరిపోవడం లేదు. బయటి నుంచి మనం పెట్టాలి."

అవ్వ కళ్ళు తుడుచుకుంది. ఏడుపు ఆగింది గానీ అనుమానం ఆగలేదు. "నేను వాంతి చేసుకోలేదుగా. నాకీ నవ్వేంటి, ఈ తిండేంటి, ఈ మరుపేంటి?"

"ఆ పీటలు ఒక్కచోట లేవవ్వా. ఆకలి దగ్గరున్నాయి, నొప్పి వచ్చే దారిలో ఉన్నాయి, జ్ఞాపకం దగ్గరున్నాయి. ఒక్క గదికే పొమ్మంటే ఆ రసం వినదు, ఇల్లంతా తిరుగుతుంది."

"మా అన్న?"

నోగా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "రాత్రీ పగలూ ఏళ్ళ తరబడి పీట మీద బరువు దింపితే, నరం విసిగిపోయి ఆ పీటల్ని లోపలికి లాగేసుకుంటుంది. అప్పుడు ఒంటి సొంత చెంచా వచ్చినా దానికి చోటుండదు. మీ అన్నకి అలా జరిగిందేమో, నేను చూడలేదు. ఇక్కడ మేం కొలిచి వేస్తాం. మందెక్కించే రోజుల్లోనే వేస్తాం. తరవాత ఆపేస్తాం."

"ఊపిరి ఆగదు కదా?" ఈ మాట అవ్వ చాలా మెల్లగా అడిగింది.

"ఆగదు. ఊపిరి నడిపే చోట ఆ పీటలు దాదాపు లేవు."

"అక్కడ వెయ్యనివాడు తెలివైనవాడు," అని అవ్వ పైకి చూసింది. కాసేపటికి మళ్ళీ అడిగింది. "ఒంట్లో పుట్టే ఆ చెంచాకి పేరుందా?"

"ఉంది. దాన్ని కనిపెట్టింది మన ఊళ్ళోనే. పేరు మాత్రం హిందూదేశపు పాత భాషలోంచి తెచ్చారు. ఆనందం అని అర్థమట."

"నా ఒంట్లో ఆనందం తయారవుతోందని డెబ్బై ఏళ్ళొచ్చాక చెబుతున్నారా!" అంది అవ్వ.

పిల్ల వైపు చూసింది. యోనా గుర్తొస్తున్నాడు, పిల్ల వీపెముకలూ కనిపిస్తున్నాయి. చివరికి చీర కుచ్చిళ్ళు సర్దుకునే ఆడదానిలా గౌను దులుపుకుని తేల్చింది.

"వెన్నే ఎందుకు?"

"అది నీళ్ళలో కరగదు. కొవ్వులోనే కరుగుతుంది."

"ఆలివ్ నూనె కొవ్వు కాదా? మాంసంతోనూ తినొచ్చు, పాలతోనూ తినొచ్చు."

"నువ్వు కోడిచారు పోస్తున్నావని మాకు తెలిస్తే కదవ్వా!" అని హనాన్ మొత్తుకుంది.

"ప్రాణం మీదికొచ్చినప్పుడు నియమం చూడక్కర్లేదమ్మా, అదీ మన ధర్మమే," అంది పెనినా.

"తెలుసులేవే. నియమం పక్కన పెట్టే ముందు ఇంట్లో నూనె సీసా ఉందేమో చూసుకోవాలి." అవ్వ నోగా వైపు తిరిగింది. "రేపొక్కరోజు ఇవ్వు. నా చేత్తో పెడతాను. పట్టకపోతే నీ గొట్టం నువ్వేసుకో."

నోగా ఒప్పుకుంది. వెళ్ళబోతూ సంచీ వైపు చూసి, "నేనే ఫ్లాస్కూ చూడలేదు," అంది.

శుక్రవారం తెల్లవారకముందే అవ్వ పొయ్యి వెలిగించింది. రవ్వ తడిపింది, కైమా వేయించింది, అరచేతిలో ముద్ద చదును చేసి, కూరి, గుండ్రంగా తిప్పి వరసగా పేర్చింది. మోకాలు మళ్ళీ పాత పాట అందుకుంది. ఆ నొప్పి తగిలినందుకు ఆమెకు నిజంగా సంతోషమేసింది, ఇవాళ ఆ మందు తన దగ్గర లేదు, పిల్లకే దక్కుతుంది. ఎవరికి పెడుతున్నావమ్మా ఇన్ని అని పక్కింటావిడ అడిగితే "మా పిట్టకి" అంది. ఆవిడ జాలిగా చూసింది. అవ్వ తలుపేసుకుంది.

నాలుగింటికి హనాన్ చిన్న గిన్నెలో ఆలివ్ నూనె తెచ్చింది, అందులో చుక్కలు. అవ్వ దాంట్లో ఎండు వాము ఆకు పొడి, నువ్వులు, ఉప్పు కలిపింది. చేదు ఆ ఘాటులో దాక్కుంది. రొట్టె ముక్క ముంచి నోటికందించింది.

"తిను నా తల్లీ."

"కక్కేస్తానమ్మమ్మా."

"కక్కితే కక్కు. బేసిను నా ఒళ్ళోనే ఉంది. తిను."

తిర్జా తినింది. ముక్క ముక్కగా మొత్తం తినింది. ఐదింటికి సెలైన్ పెట్టారు. బేసిను అవ్వ ఒళ్ళో, రెండు చేతుల్లో. ఇన్నాళ్ళూ ఆరు కాకముందే మొదలయ్యేది. ఆరయింది. కిటికీలో వెలుగు పసుపయింది. పొద్దుగూకితే మొదలయ్యే శబాతుకి పెనినా దీపాలు పెట్టింది, ఆస్పత్రిలో నిప్పు వద్దన్నారు కనక కరెంటు దీపాలే. కళ్ళు మూసుకుని దీవెన చెప్పుకుంది. బేసిను ఖాళీగానే ఉంది. అవ్వ కదలకుండా కూర్చుంది. కదిలితే ఏమవుతుందోనని భయం.

"అమ్మమ్మా, ఆ వాసనేంటి?"

అవ్వ సంచీ వైపు చూసింది. సంచీలో కుబ్బె గిన్నె మూత సరిగ్గా పడినట్టు లేదు. "మూసేస్తాను తల్లీ, మూసేస్తాను. అటు తిరుగు..."

"వద్దు, మూయకు," అంది తిర్జా. "ఆకలేస్తోంది."

అవ్వకు ఆ మాట వినబడింది గానీ, వినబడిందని నమ్మకం కలగలేదు. "ఏమన్నావు?"

"ఆకలేస్తోందన్నాను. చెవుడొచ్చిందా?"

అవ్వ సంచీ తెరిచింది. గిన్నెలో చారు పోసింది, ఒక కుబ్బె వేసింది, మళ్ళీ ఆలోచించి దాన్ని సగం చేసింది. పిల్ల సగం తినేసి మిగతా సగానికి గిన్నె చాపింది. అదీ తినింది. పులుపుకి మొహం చిట్లించి, "ఇంకోటి," అంది. వేసింది. అదీ అయింది. పెనినా కూతురి పాదం ఒకటి దుప్పటి మీద నుంచే పట్టుకుని కూర్చుంది, వదిలితే పిల్ల ఎగిరిపోతుందేమో అన్నట్టు. చారు గడ్డం మీదికి కారింది, ఎవరూ తుడవలేదు. ఇంకొకటి అడిగింది, అవ్వ వేసింది.

ఆ తరవాత అవ్వ, పెట్టే చెయ్యి ఆగదు కనక, అడక్కుండానే మరొకటి గరిటెలోకి తీసింది. గిన్నె మీదికి తెచ్చింది.

తిర్జా సెలైన్ సూది ఉన్న చేతినే మెల్లగా ఎత్తింది. చెంచా నాకింది. నాకి, గిన్నె మీద అడ్డంగా పెట్టింది.

"చాలు," అంది.

బతుకంతా గ్లాసు మీద చెంచా కనిపిస్తే మొహం ముడుచుకున్న మనిషి అస్మర్ అవ్వ. ఆమె ఆ చెంచా వైపు చూసింది. గరిటె గాల్లోనే ఉండిపోయింది. వద్దన్నందుకు కాదు, కడుపు తిప్పినందుకు కాదు, కడుపు నిండినందుకు పెట్టిన చెంచా అది. ఆమె గరిటె దించి, తల వెనక్కి వేసి, నాలుక ఆడిస్తూ, జాఖోలో పెళ్ళికూతురు గడప దాటినప్పుడు ఆడవాళ్ళు వేసే కేక వేసింది. లిలిలిలిలీ అని ఆ కేక వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. మందులగది దగ్గర్నుంచి హనాన్ అందుకుంది. వాళ్ళ ఊళ్ళోనూ పెళ్ళిళ్ళకు అదే కేక. రెండు గొంతులూ కలిశాయి. పిల్లలు మంచాల మీద లేచి కూర్చున్నారు. ఎవరో తండ్రి చప్పట్లు కొట్టాడు, ఎందుకో తెలియకుండానే.

నోగా పరుగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మంలో ఆగింది. అవ్వ ఒళ్ళో బేసిను లేదు, మంచం కింద ఖాళీగా పడుంది. పిల్ల బుగ్గకు చారు అంటుకునుంది. గిన్నె మీద చెంచా ఉంది. డాక్టరు కాసేపు డాక్టరులా నిలబడడానికి చూసింది, చేతకాలేదు, గుమ్మాన్ని పట్టుకుని ఏడ్చేసింది.

"ఎవరూ ఆ చెంచా తియ్యకండి," అంది అవ్వ. "అలాగే ఉండనీండి. నన్ను కళ్ళారా చూసుకోనివ్వండి."

ఆదివారం పొద్దున గొట్టం తన కాగితంలోనే ఉండి అల్మారాలోకి తిరిగిపోయింది. తరవాతి విడత మందు చెప్పిన రోజుకే ఎక్కింది. కానీ అది తరవాతి మాట. ఆ శుక్రవారం రాత్రి మాత్రం అవ్వ, పొద్దుగూకక ముందే కాచి ఫ్లాస్కులో పోసుకొచ్చిన టీ బయటికి తీసింది. గాజుగ్లాసు తుడిచింది, చక్కెర వేసి కలిపింది. నోగా కోసం పెట్టిన సాసరులోంచి చెంచాను తనే తీసి తన గౌను జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కూర్చో తల్లీ," అంది. "ఇవాళ నీకు చెంచా లేదు."